పదో గడిలో తెల్ల డయల్

బొండా సత్యానందం గారు గూడ్సు రైలు గార్డుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆ ముప్పై నాలుగేళ్లలో ఆయన చూసిన స్టేషను గడియారాలన్నీ తెల్లవే. అందుకని సొంతానికి వాచీ కొన్నప్పుడల్లా తెలుపు తప్ప ఏ రంగయినా ఫరవాలేదనుకునేవారు. అలా నల్ల డయల్‌ది ఒకటి, నీలం ఒకటి, ఆకుపచ్చ, కాఫీపొడి రంగు, బూడిద రంగు, వంగపండు రంగు, ఇంకో మూడు కలిపి తొమ్మిది పోగయ్యాయి. అన్నీ కీ ఇచ్చే వాచీలే. తెలిసిన వడ్రంగి చేత టేకు పెట్టె చేయించి, లోపల పది గళ్లు పెట్టించి, మఖమల్ గుడ్డ అంటించారు. రోజూ స్నానం కాగానే తొమ్మిదింటికీ వరసగా కీ ఇచ్చి, ఆ రోజుకి ఒకటి చేతికి పెట్టుకునేవారు. పదో గడి మాత్రం ఖాళీగా ఉండేది.

"ఆ గడిలో నా సూదులూ దారాలూ పెట్టుకుంటానండి," అని భార్య వరహాలమ్మ ఏడాదికోసారి అడిగేది.

"ఉండనీ. తెల్లది కొంటే అందులో పెడదాం," అనేవారు. కొనేవారు కాదు.

చివరికి కొనక తప్పలేదు. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. కుడికంటికి ఆపరేషన్ చేసి, నాలుగు గంటలకోసారి చుక్కలు వేసుకోమని చెప్పి, డాక్టరు గారు ఆయన చేతికున్న వంగపండు రంగు వాచీ వైపు చూశారు. "ముదురు రంగు మీద సన్నటి ముళ్లు మీకిక ఆనవండి. తెలుపు మీద నల్లగా ఉన్నది తీసుకోండి," అన్నారు. నిజానికి నెలల తరబడి సత్యానందం గారు వాచీ పెట్టుకోవడమే గాని చూడడం లేదు. ఎవరైనా టైమెంతండీ అని అడిగితే చెయ్యి వరహాలమ్మ ముందుకి చాపేవారు. సెల్‌ఫోనులో అంకెలు ఆయనకి చీమల్లా కనిపించేవి.

కొత్తరేవు మెయిన్ రోడ్డులో గఫూర్ గారి వాచీల కొట్టుంది. భార్యాభర్తలిద్దరూ వెళ్లారు.

"తెలుపంటే ఏ తెలుపండి గార్డు గారూ?" అంటూ గఫూర్ గారు ఆరు వాచీలు వరసగా పెట్టారు. "ఇది ముత్యం రంగు. ఇది వెండి మెరుపు, పెళ్లికొడుకులు పట్టుకెళ్తారు. ఇది మీగడ. ఇది సున్నం."

సత్యానందం గారు ఒక్కొక్కటే గుమ్మం దాకా పట్టుకెళ్లి, చెయ్యి బారచాపి, ఎడమకన్ను మూసి చూశారు. ముత్యం రంగుది ఎండలో నిగనిగలాడి ముళ్లని మింగేసింది. వెండిదాంట్లో ఎదురుగా ఉన్న మందుల కొట్టు బోర్డు కనిపించింది. మీగడది బాగానే ఉంది గాని అంకెలకి బదులు గీతలున్నాయి. చివరికి సున్నం రంగుది తీశారు. ఒట్టి తెలుపు, ఒకటి నుంచి పన్నెండు దాకా నల్లటి అంకెలు, లావుపాటి నల్లటి ముళ్లు. ఇదీ కీ ఇచ్చేదే.

"ఇందులోనే తేదీ చూపించేది కూడా ఉందండి," అన్నారు గఫూర్ గారు.

"తేదీకి ఇంట్లో క్యాలెండరుందండి. ఆ కిటికీ కోసం మూడో అంకె కోసేస్తారు. నాకు మూడు కావాలి."

వరహాలమ్మ పట్టీ బిగించింది. ఆయన చూసుకున్నారు. "పదకొండూ నలభై రెండు," అన్నారు. గఫూర్ గారు వెనక్కి తిరిగి గోడ గడియారం చూసి, అవునన్నట్టు తలూపారు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కాని ఆ ఏడాది ప్రభుత్వం వారు వారసత్వ సంవత్సరంగా ప్రకటించి ఉన్నారు. ప్రతి జిల్లాకీ నూరు మ్యూజియాలు ఉండాలని లక్ష్యం పెట్టారు. నూరు మ్యూజియాలు కట్టడం కష్టం గనక, ఉన్నవాటినే మ్యూజియాలుగా గుర్తించడం మేలని పెద్దలకి తోచింది. ఒకే జాతికి చెందిన వస్తువులు పది, వ్యాపారం నిమిత్తం కాకుండా, ఒకే కప్పు కింద ఉన్నట్లయితే ఆ కప్పు మ్యూజియమే అని ఉత్తర్వు వచ్చింది. దాన్ని అమలుపరచడానికి స్వీయ సంగ్రహాల సంరక్షణ సంస్థ అని కొత్తది ఒకటి వెలిసింది. ఊళ్లో తెలివైనవాళ్లు వెంటనే సర్దుకున్నారు. పదకొండు ఊరగాయ జాడీలున్న ఒక ఇల్లాలు రెండు జాడీలు అక్కగారింటికి పంపించేసింది. రిటైరైన ఒక హెడ్మాస్టరు గారు తొమ్మిది గొడుగులు ఉంచుకుని, మిగతావి బస్సుల్లో మరిచిపోయారు.

కొట్లో ఏది కొన్నా ఒక ఫారం నింపాలి. అందులో ఏడో గడి: "ఇదే జాతికి చెందిన వస్తువులు తమ వద్ద ఇప్పటికే ఎన్ని కలవు?"

"అందరూ సున్నా వేస్తారండి," అన్నారు గఫూర్ గారు మెల్లగా.

బండి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి కదిలిందో ముప్పై నాలుగేళ్లు రాసిన చెయ్యి అది. సత్యానందం గారు తొమ్మిది అని రాసి, కింద సంతకం పెట్టి, టైము కూడా వేశారు.

నాలుగో రోజు పొద్దున్న ఇంటి ముందు జీపు ఆగింది. జిల్లా సంగ్రహణాధికారి పొట్లూరి త్రివిక్రమరావు గారు దిగారు. వెనకాల టేపు పట్టుకుని ఒకరు, బోర్డు పట్టుకుని ఇద్దరు. త్రివిక్రమరావు గారు మాట్లాడితే కాగితం చదివినట్టే ఉండేది. అప్పుడప్పుడు నిజంగా కాగితం చదివేవారు గనక రెంటికీ తేడా తెలిసేది కాదు.

"తమరికి తెలియజేయునదేమనగా," అన్నారు గుమ్మంలోనే నిలబడి, "పదవ వస్తువు ప్రవేశించిన క్షణమున తమ గృహము గృహముగా ఉండుట మాని, ప్రదర్శనశాలగా పరిణమించినది. అభినందనలు."

"ఇది మా ఇల్లండి," అన్నారు సత్యానందం గారు.

"నివాసమునకు అభ్యంతరము లేదు. తమరు గౌరవ సంరక్షకులుగా ఇందులోనే నివసించవచ్చును. శ్రీమతి గారిని సహాయ సంరక్షకురాలుగా నియమించుచున్నాము. సందర్శన వేళలు పది నుండి అయిదు. సోమవారము సెలవు."

వరహాలమ్మ వంటింట్లోంచి వచ్చింది. "సోమవారం నాక్కూడా సెలవేనాండి?"

"ఆ విషయమై ఉత్తర్వులలో స్పష్టత లేదమ్మా. పైకి వ్రాసి తెలిసికొనెదను."

టేపు పట్టుకున్నాయన హాలు కొలిచాడు. ఇద్దరు కలిసి వాకిట్లో 'జిల్లా కాలసూచక ప్రదర్శనశాల, క్రమసంఖ్య 61' అని బోర్డు దిగ్గొట్టారు. టేకు పెట్టె మీదికి అద్దాల మూత వచ్చింది. మూతకి తాళం వచ్చింది. తాళం చెవి త్రివిక్రమరావు గారి జేబులోకి వెళ్లింది. ఆయన ఆఖరున సత్యానందం గారి ముంజేతి వైపు చూశారు.

"ప్రదర్శన వస్తువును ధరించరాదు."

"ఇది చూడ్డానికి కొనుక్కున్నానండి. నా కంటికి ఇదొక్కటే కనిపిస్తుంది."

"చూడుటకే గదా మేమును ఏర్పాటు చేయుచున్నది. అద్దములో నుండి పది నుండి అయిదు వరకు నిరభ్యంతరముగా చూడవచ్చును. తమరికి ఉచితము."

సత్యానందం గారు పట్టీ విప్పారు. బండిని ఆపమని ఎర్ర దీపం కనిపిస్తే ఆపడమే ఆయనకి తెలుసు, ఎందుకని అడగడం తెలియదు. పదో గడి నిండింది.

మర్నాడు పొద్దున్న స్నానం చేసి వచ్చి పెట్టె దగ్గర నిలబడ్డారు. తాళం ఉంది. సాయంత్రానికి నాలుగు వాచీలు ఆగిపోయాయి. తెల్లవారేసరికి పదీ ఆగాయి. కీ ఇవ్వనివ్వమని ఆయన అర్జీ పెట్టుకుంటే, నిపుణుల సంఘం ఒకటి సమావేశమై, కీ ఇచ్చినచో లోపలి పళ్లచక్రములు అరుగును గనుక గడియారములు నడవకుండుటయే వాటి ఆరోగ్యమునకు మంచిదని తేల్చింది. సంఘంలో ముగ్గురు సభ్యులున్నారు. ఒకాయన శాసనాల నిపుణుడు, ఒకాయన తోటల శాఖ నుంచి డిప్యుటేషను మీద వచ్చినవాడు, మూడో ఆయన ఎవరో మిగతా ఇద్దరికీ తెలియదు.

తర్వాత తనిఖీ అధికారి ఒకరు వచ్చి, పది వాచీలూ పది టైములు చూపిస్తున్నాయని, ఇది శాఖాపరమైన సమన్వయ లోపమని రాశారు. దాని మీద పది వాచీల్లోనూ ఒకే టైము పెట్టించారు. సమన్వయం కుదిరింది. అప్పుడు వచ్చిన సందర్శకుల్లో ఒకాయన హాల్లో ఉన్న గోడ గడియారాన్నీ పెట్టెలో వాచీల్నీ మార్చి మార్చి చూసి, "ఏది రైటండి?" అని అడిగాడు. సత్యానందం గారు గోడ గడియారమే రైటని ఉన్న మాట చెప్పారు. ఈ మాట పైకి వెళ్లింది. వారం తిరక్కుండా ఉత్తర్వు: "సందర్శకులకు సరియైన సమయము కనబడినచో ప్రదర్శన వస్తువులపై విశ్వాసము సన్నగిల్లును. కావున గోడ గడియారమును తొలగించవలెను. గోడ గడియారము, చేతి గడియారము వేర్వేరు జాతులని ఇందుమూలముగా స్పష్టపరచడమైనది."

గోడ గడియారం జీపులో వెళ్లిపోయింది.

సందర్శకులు బాగానే వచ్చేవారు. లక్ష్యం ప్రకారం రోజుకి ముప్పై మంది రావాలి గనక బడిపిల్లల్ని బస్సులో తెచ్చి దింపేవారు. వరహాలమ్మ వాళ్లకి మంచినీళ్లు ఇవ్వడం, వాళ్ల చెప్పులు సర్దించడం, రిజిస్టరులో పేర్లు రాయించడంతో పొద్దు గడిపేది. ఈ సందట్లో చుక్కల మందు వేళ ఎప్పుడయ్యేదో, ఎప్పుడు దాటేదో ఎవరికీ తెలిసేది కాదు. సత్యానందం గారు ఎండని బట్టి వేసుకునేవారు. మబ్బు పట్టిన రోజుల్లో అడ్డదిడ్డంగా వేసుకునేవారు. ఇరవై రోజులు తిరిగేసరికి ఆపరేషన్ చేసిన కన్ను ఎర్రబడి, వాచి, నీరు కారడం మొదలెట్టింది.

"చుక్కలు వేళకి వేసుకోలేదా?" అని డాక్టరు గారు కసిరారు. "ఇంట్లో ఒక్క గడియారం లేదాండీ మీకు?"

"పది ఉన్నాయండి," అన్నారు సత్యానందం గారు.

ఇద్దరూ రిక్షాలో ఇంటికి వచ్చారు. వాకిట్లో దిగాక వరహాలమ్మ బోర్డు వైపు చూసి, "ఈ కన్ను పోతే మీకు గౌరవ సంరక్షకులు పోస్టు ఉంచుతారో తీసేస్తారో కూడా పైకి రాసి కనుక్కోమనండి," అంది.

అధికారికంగా ప్రారంభోత్సవం ఇంకా కాలేదు. దానికి సంస్థ చైర్మన్ గారు స్వయంగా వచ్చారు. షామియానా వేశారు, రిబ్బను కట్టారు. చైర్మన్ గారు తెలుగువారి కాలస్పృహ గురించి ముప్పావుగంట మాట్లాడారు. సన్మానం దగ్గరికి వచ్చేసరికి శాలువా ఉంది గాని జ్ఞాపిక లేదు. తెమ్మని ఎవరికి చెప్పారో ఎవరికీ గుర్తు లేదు. త్రివిక్రమరావు గారికి చెమటలు పట్టాయి. అటూ ఇటూ చూసి, జేబులోంచి తాళం చెవి తీసి, అద్దాల మూత తెరిచి, అన్నిట్లోకీ కొత్తగా కనిపిస్తున్న తెల్ల డయల్ వాచీ తీశారు.

"సార్, అది..." అన్నారు సత్యానందం గారు.

"సంరక్షకుల వారు తమ స్వహస్తములతో అలంకరించెదరు," అని మైకులో ప్రకటించారు త్రివిక్రమరావు గారు.

సత్యానందం గారు స్వహస్తాలతో అలంకరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారు దాన్ని ముచ్చటగా చూసుకుని, "చాలా స్పష్టంగా ఉంది," అని మెచ్చుకుని, కారెక్కి వెళ్లిపోయారు.

కారు కదిలాక రిజిస్టరు రాసే గుమాస్తా త్రివిక్రమరావు గారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మొహం పాలిపోయింది. పెట్టెలో తొమ్మిదే ఉన్నాయి. తొమ్మిదంటే మ్యూజియం కాదు. అంటే గంట క్రితం చైర్మన్ గారు రిబ్బను కత్తిరించి ప్రారంభించింది ఇప్పుడు ఒకరి ముందుగది. జిల్లా లెక్క అరవై ఒకటి నుంచి అరవైకి పడింది.

మర్నాడే వస్తానని, పెట్టె ఉన్నది ఉన్నట్టుగా ఉంచమని చెప్పి ఆయన వెళ్లారు. కంగారులో మూతకి తాళం వెయ్యడం మరిచిపోయారు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికే కబురు చెప్పడానికి గుమాస్తా వచ్చాడు. అయ్యగారు పదింటికి వస్తారనీ, గోడ గడియారం కూడా తెస్తున్నారనీ చెప్పాడు.

"గోడదీ చేతిదీ వేరే జాతి అన్నారు గదయ్యా?" అంది వరహాలమ్మ.

"నిన్న సాయంత్రం మారిందమ్మా. గోడకీ చెయ్యి ఉన్నట్టు భావించొచ్చని న్యాయ సలహా వచ్చింది. దాన్ని కూడా పెట్టెలో పెట్టి పది చేస్తారు. పెట్టె సరిపోకపోతే కోయిస్తారు."

గుమాస్తా వెళ్లాక సత్యానందం గారు పెట్టె ముందు కూర్చున్నారు. వరహాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన వాపు కన్ను తుడుచుకుని, మూత తీసి, నల్ల డయల్ వాచీ చేతిలోకి తీసుకుని, కీ ఇచ్చారు. అది కొట్టుకోవడం మొదలెట్టింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"చూడలేను గాని వినిపిస్తోందే," అన్నారు.

"వినడానికి తొమ్మిది అక్కర్లేదండి. చూసేవాళ్లకి ఇచ్చెయ్యండి."

మొదటి జీతంతో కొన్నది నల్లది. పెద్ద కూతురు పుట్టినప్పుడు కొన్నది నీలం. దేని కథ దానికుంది. కాని ఆగిపోయి, కోసిన పెట్టెలో, గోడ గడియారం పక్కన పడి ఉండడం వాటికి తగిన పని కాదనిపించింది. ఒక్కొక్కటికీ కీ ఇచ్చి, వరహాలమ్మ చేత సెల్‌ఫోను చూసి టైము పెట్టించి, జేబులో వేసుకుని వీధిలోకి నడిచారు.

ఆకుపచ్చది ఆటో నడిపే చినసూరికి ఇచ్చారు. నీలం, పాలకేంద్రం నడిపే నాగరత్నానికి. కాఫీపొడి రంగుది ఇస్త్రీ బండి లక్ష్ముడికి. వంగపండు రంగుది గ్యాసు సిలిండర్లు వేసే వెంకన్నకి ఇస్తే, అతను చెయ్యి లుంగీకి తుడుచుకుని మరీ పట్టీ కట్టించుకున్నాడు. మిగతావీ అలాగే పంచి, అందరికీ ఒకటే మాట చెప్పారు. "రోజూ ఒక వేళకే కీ ఇయ్యి. గట్టిగా తిప్పకు. అది చాలు అన్నప్పుడు నీకే తెలుస్తుంది." నల్లది ఆఖరున మిగిలింది. దాన్ని గఫూర్ గారికి ఇద్దామని కొట్టుకి వెళ్లారు.

"నాకెందుకండి, నూరు వాచీల మధ్య కూర్చున్నాను," అన్నారు గఫూర్ గారు.

"ఇది అమ్మడానికి కాదు. నూటొకటోది మీది."

గఫూర్ గారు దాన్ని తీసుకుని చేతికి కట్టుకున్నారు. లోపలికెళ్లి సున్నం రంగు డయల్ వాచీ, మొన్నటిలాంటిదే, ఇంకొకటి తెచ్చి ముందు పెట్టారు. సత్యానందం గారు పెట్టుకుని చూసుకున్నారు. తొమ్మిదీ ముప్పై అయిదు. ఎర్రబడ్డ కన్ను కూడా చదవగలిగింది.

పదిన్నర దాటాక త్రివిక్రమరావు గారు గోడ గడియారం చంకన పెట్టుకుని వచ్చారు. పెట్టెలో వరహాలమ్మ సూదులు, దారపుండలు, గుండీలు సర్దుకుంటోంది.

"ప్రదర్శన వస్తువులు ఏవి?" అన్నారు ఆయన. మొట్టమొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు.

"వీధిలో తిరుగుతున్నాయండి," అన్నారు సత్యానందం గారు.

త్రివిక్రమరావు గారు కుర్చీలో కూలబడ్డారు. వరహాలమ్మ మంచినీళ్లిచ్చింది. తాగారు. గ్లాసు కింద పెట్టేలోపు ఆయన మొహంలో ఏదో వెలిగింది. ఉద్యోగంలో ఇరవై ఏళ్లు నెగ్గుకొచ్చిన మనిషి. జేబులోంచి కలం తీసి, అక్కడికక్కడే నివేదిక రాశారు: "ప్రజలు ప్రదర్శనశాలకు వచ్చుటకు బదులు, ప్రదర్శనశాలయే ప్రజల మణికట్టులకు చేరు వినూత్న పథకమును ఈ జిల్లాలో విజయవంతముగా ప్రారంభించడమైనది. ఒక ప్రదర్శనశాల స్థానమున ప్రస్తుతము తొమ్మిది సంచార ప్రదర్శనశాలలు కలవు."

జిల్లా లెక్క అరవై నుంచి అరవై తొమ్మిదికి ఎగబాకింది. వాకిట్లో బోర్డు పీకేశారు. గోడ గడియారం మాత్రం మళ్లీ హాల్లోకి రాలేదు. దాని జాతి ఏదో ఇంకా తేలాల్సి ఉందట.

మూడు నెలలకి త్రివిక్రమరావు గారికి రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చింది. ఆ సభకి సత్యానందం గారిని కూడా పిలిచారు, వేదిక మీద కాదు గాని ముందు వరసలో. కన్ను అప్పటికి నయమైంది. ఆహ్వానపత్రికలో సభ సరిగ్గా పది గంటలకి అని ఉంది. ఆయన పదికి అయిదు నిమిషాలు తక్కువలో వెళ్లి కూర్చున్నారు. హాల్లో కుర్చీలు తుడిచేవాళ్లు తప్ప ఎవరూ లేరు. జనం వచ్చారు, లేచి టీకి వెళ్లారు, మళ్లీ వచ్చారు. చైర్మన్ గారు వచ్చి జ్యోతి వెలిగించారు. కాలం విలువ తెలిసిన జాతి మనది అన్నారు. పురస్కారం ఇచ్చారు. ఫొటోలు తీశారు.

సభ అయ్యాక త్రివిక్రమరావు గారు ఒక రిజిస్టరు పట్టుకుని సత్యానందం గారి దగ్గరికి వచ్చారు. "ప్రజల నుండి ఒకరు ధ్రువీకరించవలెను. ఇక్కడ, సభ ప్రారంభ సమయము అన్నచోట పది గంటలు అని వేసి, సంతకము చేయండి."

సత్యానందం గారు కలం తీసుకుని రాశారు. ఆయన రాసింది చూసి త్రివిక్రమరావు గారు ఉలిక్కిపడ్డారు. పన్నెండు గంటల పద్దెనిమిది నిమిషాలు అని ఉంది.

"గార్డు గారూ, ఇది కొట్టేసి పది వెయ్యండి. మీకు సరిగ్గా కనపడి ఉండదు."

"లేదండి. ఇప్పుడు బాగా కనపడుతోంది," అన్నారు సత్యానందం గారు. సంతకం పెట్టి, పక్కన అప్పటి టైము కూడా వేసి, కలం మూత బిగించి ఇచ్చి, బస్సు వేళయిందని బయలుదేరారు.

రిజిస్టరులో కొట్టివేతలు కూడవని నిబంధన. అందుకని ఆ పేజీ అలాగే పైకి వెళ్లింది. ఆహ్వానపత్రికకీ రిజిస్టరుకీ మధ్య రెండు గంటల పద్దెనిమిది నిమిషాల తేడా వచ్చిందని ఆడిట్ వారు పట్టుకున్నారు. ఆ రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు ఎక్కడికి పోయాయో, ఎవరి అధీనంలో ఉండగా పోయాయో విచారించడానికి ముగ్గురు సభ్యులతో ఒక సంఘం వేశారు. నెలరోజుల్లో నివేదిక ఇవ్వాలన్నారు. ఆ గడువును ఇప్పటికి అయిదుసార్లు పొడిగించారు.